చిన్న ల్యాప్‌టాప్ కొంటున్నారా? తర్వాత మార్చుకోలేనివేవో ముందే చూసుకోండి

మా మేనకోడలు బీకాం కంప్యూటర్స్‌లో చేరిన ఏడాది, దసరా ఆఫర్లలో దానికి ఒక చిన్న ల్యాప్‌టాప్ కొన్నాం. పదకొండున్నర అంగుళాల తెర, కిలో పైన కాస్త బరువు, పద్దెనిమిది వేల రూపాయలు. పెట్టె మీద 4 జీబీ ర్యామ్, 64 జీబీ స్టోరేజీ, ఆ పక్కన ఇంకా పెద్ద అక్షరాలతో 1 టీబీ క్లౌడ్ అని రాసి ఉంది. సంక్రాంతి సెలవులకి వచ్చినప్పుడు దాన్ని తెచ్చి నా ముందు పెట్టి, "మామయ్యా, అప్‌డేట్ అవ్వట్లేదు, ప్రాజెక్టు ఫైలు సేవ్ చేద్దామంటే ప్లేస్ లేదంటోంది" అంది. సీ డ్రైవ్ చూస్తే గీత ఈ చివర నుంచి ఆ చివరిదాకా ఎర్రగా ఉంది. 57.6 జీబీలో మిగిలింది 1.1 జీబీ. సినిమాలు దించుకుందేమో అనుకున్నాం, అదేం లేదు, తన ఫైళ్లన్నీ కలిపినా 3 జీబీ దాటలేదు. మిగతాదంతా విండోస్, అది దాచుకున్న అప్‌డేట్లు, కంపెనీవాళ్లు ముందే ఎక్కించి పంపిన ట్రయల్ సాఫ్ట్‌వేర్లు. నాలుగు నెలల్లో, పెద్దగా వాడకుండానే నిండిపోయింది.

సరే, స్టోరేజీ పెంచడానికి కొత్త ఎస్‌ఎస్‌డీ వేయిద్దాంలే అని రిపేర్ షాపుకి తీసుకెళ్లాం. అతను కింది మూత విప్పి, స్క్రూడ్రైవర్ మొనతో బోర్డు మీద ఒక నల్లటి చదరపు చిప్పు చూపించి, "ఇదే సార్ స్టోరేజీ. ఈ పక్కనున్నవి ర్యామ్. రెండూ ఆన్‌బోర్డ్, ఏదీ పెంచలేం" అన్నాడు. అదే బోర్డు మీద ఎస్‌ఎస్‌డీ స్లాటు కోసం చోటు గీసి ఉంది, టంకం వేయాల్సిన చుక్కలు కూడా వరసగా ఉన్నాయి, స్లాటు మాత్రం బిగించలేదు. మహా అయితే కొన్ని పదుల రూపాయల ముక్క. అది లేకపోవడం వల్ల నాలుగైదేళ్లు నడవాల్సిన యంత్రం నాలుగు నెలల్లో మూలపడే పరిస్థితికొచ్చింది. మా అక్క చీటీ పాడి కట్టిన డబ్బు అది, అందుకే నాకు అంత బాధ.

అప్పట్నుంచి ఎవరు అడిగినా నేను చెప్పేది ఒకటే. ర్యామ్ ఎంత, స్టోరేజీ ఎంత, ప్రాసెసర్ ఐ3నా ఐ5నా అని అందరూ అడుగుతారు. వాటికంటే ముందు అడగాల్సింది, ఇందులో తర్వాత మార్చుకోలేనిది ఏది అని. మార్చుకోగలిగింది ఇప్పుడు కాస్త తక్కువున్నా పర్లేదు, ఏడాది తర్వాత డబ్బులున్నప్పుడు పెంచుకోవచ్చు. మార్చుకోలేనిది తక్కువైతే మాత్రం ఆ ల్యాప్‌టాప్ ఉన్నంతకాలం అదే లోటు.

చవకవి ఇంత బలహీనంగా ఎందుకుంటాయి

తక్కువ ధరకి తక్కువ సరుకే వస్తుంది కదా అని సరిపెట్టుకుంటాం గానీ, దీని వెనక కొంత చరిత్ర ఉంది. 2005 జనవరిలో దావోస్ ప్రపంచ ఆర్థిక సదస్సులో అమెరికాలోని ఎంఐటీ ప్రొఫెసర్ నికొలస్ నెగ్రోపాంటే వంద డాలర్ల ల్యాప్‌టాప్ తెస్తానని ప్రకటించాడు, పేద దేశాల పిల్లలకి తలా ఒకటి అన్నాడు. 2007 చివర్లో అది తయారై బయటికొచ్చేసరికి ఖర్చు దాదాపు రెండింతలైంది. మన కేంద్ర ప్రభుత్వం అంతకుముందే వద్దనేసింది. అదే 2007 అక్టోబర్‌లో తైవాన్‌కు చెందిన ఆసుస్ 'ఈ పీసీ' పేరుతో ఒక బుల్లి ల్యాప్‌టాప్ తెచ్చింది. ఏడు అంగుళాల తెర, 512 ఎంబీ ర్యామ్, 4 జీబీ ఫ్లాష్ మెమరీ, లోపల విండోస్‌కి బదులు లైనక్స్ అనే ఉచిత సిస్టమ్, బరువు కిలో లోపే. మరుసటి ఏడాది ఇంటెల్ ఆటమ్ ప్రాసెసర్ రావడంతో ప్రతి కంపెనీ ఇలాంటిదొకటి దించింది. వాటికి నెట్‌బుక్‌లని పేరు.

అసలు మెలిక ఇక్కడే పడింది. వాటి మీద అప్పటి కొత్త విండోస్ అయిన విస్టా సరిగ్గా నడవలేదు, అలాగని ఆ మార్కెట్‌ని లైనక్స్‌కి వదిలేయడం మైక్రోసాఫ్ట్‌కి ఇష్టం లేదు. అందుకని 2008లో పాత ఎక్స్‌పీని వీటికి చవగ్గా ఇస్తామంది, ఇస్తూ షరతులు పెట్టింది: ర్యామ్ 1 జీబీ దాటకూడదు, తెర ఇంతకంటే పెద్దది ఉండకూడదు, హార్డ్‌డిస్క్ ఇంతకు మించకూడదు. అంటే చవక లైసెన్సు కావాలంటే యంత్రం బలహీనంగానే ఉండాలి. 2009లో వచ్చిన విండోస్ 7 స్టార్టర్‌లోనైతే డెస్క్‌టాప్ మీద బొమ్మ మార్చుకునే వీలు కూడా తీసేశారు. బొమ్మ మారిస్తే ప్రాసెసర్ మీద భారమేమీ పడదు. ఖరీదైన ల్యాప్‌టాప్‌కీ దీనికీ తేడా కొన్నవాళ్ల కళ్లకి కనబడుతూ ఉండాలి, అంతే.

మన హైదరాబాద్‌కీ ఈ కథలో భాగముంది. 2011 అక్టోబర్‌లో కేంద్రం విడుదల చేసిన ఆకాశ్ టాబ్లెట్‌ని ఇక్కడే బిగించారు. 35 డాలర్ల కంప్యూటర్ అని ప్రపంచమంతా రాసింది. అందులో ఉన్నది 366 మెగాహెర్ట్జ్ ప్రాసెసర్, 256 ఎంబీ ర్యామ్, గట్టిగా నొక్కితే గానీ పలకని రెసిస్టివ్ తెర. ఆలోచన మంచిదే, నేను తప్పుపట్టను. కానీ విద్యార్థి చేతిలో పెట్టే వస్తువుకి ముందు ధర రాసేసి, ఆ తర్వాత ఆ ధరలో పట్టేవి వెతికితే వచ్చేది అలాంటిదే. ఐప్యాడ్ వచ్చాక నెట్‌బుక్‌లు తగ్గుతూ తగ్గుతూ 2013 నాటికి దాదాపు ఆగిపోయాయి. పేరు పోయింది గానీ పద్ధతి పోలేదు. 2014లో 200 డాలర్లకి వచ్చిన హెచ్‌పీ స్ట్రీమ్‌లో 32 జీబీ స్టోరేజీ, దానికి తోడు ఏడాదిపాటు 1 టీబీ క్లౌడ్. మా మేనకోడలి పెట్టె మీద ఉన్న లెక్క కూడా అలాంటిదే. క్లౌడ్ అంటే ఇంకెక్కడో ఉన్న సర్వర్‌లో చోటు, ల్యాప్‌టాప్‌లో విండోస్ అప్‌డేట్‌కి అది ఒక్క జీబీ కూడా ఇవ్వదు.

చీరల కొట్టులో పరుపు

ర్యామ్ అంటే ఏంటని మా అక్క అడిగితే చీరల కొట్టు చూపించాను. గోడకున్న అరల నిండా చీరలుంటాయి, అది స్టోరేజీ. మన ముందు తెల్ల దుప్పటి పరిచిన పరుపు ఉంటుంది, అది ర్యామ్. చూడాలన్న చీరని అరలోంచి తీసి పరుపు మీద పరిస్తేనే చూడగలం. పరుపు చిన్నదైతే నాలుగు చీరలకే నిండిపోతుంది, ఐదోది పరచాలంటే ముందు ఒకటి మడతపెట్టి లోపల పెట్టాలి. మళ్లీ "ఇందాకటి ఆ గంధం రంగుది తియ్యండి" అంటే ఇంకోటి మడతపెట్టి దాన్ని తీయాలి. 4 జీబీ ర్యామ్ ఉన్న ల్యాప్‌టాప్‌లో క్రోమ్‌లో ఏడెనిమిది ట్యాబులు, ఒక ఎక్సెల్, పక్కన జూమ్ క్లాసు తెరిస్తే జరిగేది ఇదే. పని కంటే మడతపెట్టడం ఎక్కువవుతుంది. మనకి కనిపించేది మాత్రం గుండ్రంగా తిరుగుతున్న చక్రం.

ఇందులో ఇంకో సంగతి, అరల్లోంచి తీసే కుర్రాడి వేగం. ఈఎంఎంసీ అనే స్టోరేజీ ఫోన్లలో, టాబ్లెట్లలో వాడే రకం, సెకనుకి మహా అయితే 250, 300 ఎంబీ చదువుతుంది, చిన్న చిన్న ఫైళ్లు వందల్లో ఉంటే ఇంకా నెమ్మది. మామూలు సాటా ఎస్‌ఎస్‌డీ 500 పైన, ఎన్‌వీఎంఈ రకం రెండు వేలు, ఆ పైన. అంటే చవక ల్యాప్‌టాప్‌లో పరుపూ చిన్నదే, కుర్రాడూ నిదానమే. ర్యామ్ చాలక స్టోరేజీ మీద ఆధారపడాల్సిన యంత్రానికే నిదానం స్టోరేజీ ఇస్తారు. అది ఇంతలా విసిగించడానికి కారణం ఈ రెండూ కలవడమే, ఒక్కటే అయితే ఎలాగో నెట్టుకురావచ్చు.

64 జీబీ అన్నది 58కి ఎందుకు తగ్గిందని కూడా చాలామంది అడుగుతారు. అందులో మోసం లేదు. ఒక జీబీ అంటే కంపెనీ వెయ్యి ఎంబీ చొప్పున లెక్కేస్తుంది, విండోస్ 1024 చొప్పున లెక్కేస్తుంది, ఆ తేడాలో నాలుగున్నర జీబీ దాకా పోతుంది, ఇంకాస్త రికవరీ కోసం పక్కన పెడతారు. తర్వాత విండోస్ 11 పాతిక జీబీ పైనే తీసుకుంటుంది, అప్‌డేట్ల కోసం ఇంకో ఏడు జీబీ దాకా ముందే అట్టిపెట్టుకుంటుంది, ఏడాదికోసారి వచ్చే పెద్ద అప్‌డేట్ వేసుకున్నాక పాత విండోస్ మొత్తాన్ని పది రోజులు అలాగే ఉంచుతుంది. మైక్రోసాఫ్ట్ లెక్క ప్రకారం విండోస్ 11కి 64 జీబీ సరిపోతుంది, నిజమే, ఎక్కించడానికి సరిపోతుంది. నా మాట అడిగితే విండోస్ వాడేవాళ్లు 8 జీబీ ర్యామ్, 256 జీబీ ఎస్‌ఎస్‌డీకి తగ్గి ఏదీ కొనొద్దు, ఎంత ఆఫర్ ఉన్నా సరే.

ర్యామ్ స్లాటులో ఉందా, బోర్డుకి అతికించేశారా అని ల్యాప్‌టాప్ విప్పకుండానే తెలుసుకోవచ్చు. షాపులో డెమో కోసం పెట్టినదానిలో టాస్క్ మేనేజర్ తెరిచి, పెర్ఫార్మెన్స్‌లో మెమరీ మీద నొక్కండి. కింద ఫామ్ ఫ్యాక్టర్ అని ఒక వరస ఉంటుంది. అక్కడ సోడిమ్ అని ఉంటే స్లాటులో ఉన్నట్టు, మార్చుకోవచ్చు. రో ఆఫ్ చిప్స్ అని ఉంటే అతికించేసినట్టు. దాని పైనే స్లాట్స్ యూజ్డ్ అని కూడా ఉంటుంది, రెండిట్లో ఒకటే వాడారని ఉంటే మంచిది, రెండోది తర్వాత వేసుకోవచ్చు. అర నిమిషం పని ఇది, సేల్స్‌మన్ మాటతో అవసరం లేదు.

ఐ5 అన్నంత మాత్రాన

ప్రాసెసర్ పేర్లు మాత్రం మామూలు మనిషికి అర్థం కాకూడదనే పెట్టినట్టుంటాయి. ఐ5 అని స్టిక్కర్ ఉంటే చాలు మంచిదనుకుంటారు మనవాళ్లు. పాత ల్యాప్‌టాప్‌లు అమ్మేవాళ్లకి ఈ సంగతి బాగా తెలుసు. ఐ5 తర్వాత ఉండే అంకె చూడాలి. ఐ5 7300యూ అంటే ఏడో తరం, ఐ5 8350యూ అంటే ఎనిమిదో తరం, ఐ5 1135జీ7 అంటే పదకొండో తరం. ఏడుకీ ఎనిమిదికీ మధ్య ఒక్క అంకె తేడానే అనిపిస్తుంది గానీ, 2017లో ఎనిమిదో తరం వచ్చినప్పుడు ఈ సన్నపాటి ల్యాప్‌టాప్‌ల ఐ5లో కోర్లు, అంటే ఒకేసారి పనిచేసే భాగాలు, రెండు నుంచి నాలుగయ్యాయి. విండోస్ 11 కూడా గీత అక్కడే గీసింది, ఇంటెల్‌లో దాదాపుగా ఎనిమిదో తరం నుంచే అధికారికంగా పనిచేస్తుంది. విండోస్ 10కి మామూలు సపోర్టు 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. కాబట్టి ఎవరైనా పది వేలకి ఐ5 ల్యాప్‌టాప్ అంటే ముందు తరం అడగండి, నాలుగు, ఐదు, ఆరు, ఏడు అంటే విండోస్ కోసం దాన్ని కొనొద్దు.

కొత్తవాటిలో సెలెరాన్ ఎన్4020 అనేది 2019 చివర్లో వచ్చిన రెండు కోర్ల చిప్పు, చవక ల్యాప్‌టాప్‌లలో ఏళ్ల తరబడి కనిపించింది. ఇప్పుడు ఇంటెల్ సెలెరాన్, పెంటియమ్ పేర్లు మానేసి కొత్త చిన్న చిప్పుల్ని ఊరికే ఇంటెల్ ప్రాసెసర్ అంటోంది. వాటిలో 2023లో వచ్చిన ఎన్100కి నాలుగు కోర్లు, పాత సెలెరాన్‌తో పోలిస్తే నేలకీ నింగికీ ఉన్నంత తేడా, చవకలో కొత్తదే కావాలంటే అదీ, దాని తర్వాతి ఎన్ రకాలూ చూడొచ్చు. ఏఎమ్‌డీలో రైజెన్ 3 7320యూ అని బాగా కనిపిస్తుంది. ఏడు వేల నంబరు చూసి సరికొత్తది అనుకుంటాం, కానీ ఆ నంబర్లో మూడో అంకె చూడాలి, అక్కడ 2 ఉందంటే లోపలి డిజైన్ జెన్ 2, అంటే 2019 నాటిది. చెడ్డ చిప్పేం కాదు, రోజువారీ పనులకి చక్కగా సరిపోతుంది. కాకపోతే అది తీసుకునే ర్యామ్ రకం ఎప్పుడూ బోర్డుకి అతికించేదే. అది ఉన్న ల్యాప్‌టాప్ 8 జీబీతో కొంటే చివరిదాకా 8 జీబీనే. 4 జీబీ కాకుండా చూసుకోండి.

తెర గురించి ఎక్కువ చెప్పను, కానీ తెలుగు చదివేవాళ్లు ఒకటి గమనించాలి. చవకవాటిలో 1366 బై 768 చుక్కల తెరలే ఎక్కువ. ఇంగ్లిష్ అక్షరాలకి అది ఎలాగో సరిపోతుంది, తెలుగు ఒత్తుల దగ్గరికొచ్చేసరికి ఇబ్బంది మొదలవుతుంది. చిన్న సైజులో 'లక్ష్మి' అని రాసి చూడండి, కింద ఉన్న ఒత్తులు ఒకదాంట్లో ఒకటి కలిసి ముద్దగా కనిపిస్తాయి. పీడీఎఫ్‌లో తెలుగు మీడియం నోట్స్ చదవాల్సిన విద్యార్థికి అది రోజూ కంటికి శ్రమ. ఫుల్ హెచ్‌డీ (1920 బై 1080 చుక్కలు) ఐపీఎస్ తెర అయితే తేడా వెంటనే తెలుస్తుంది. తెరని పాత మోడళ్లలో మార్పించుకోవచ్చు గానీ పెట్టే ఖర్చుకి ఫలితం దక్కదు, అందుకే దీన్నీ మార్చుకోలేనివాటి లెక్కలోనే వేశాను.

ఆఫీసులు వదిలేసినవి

ఇక నా అభిప్రాయం సూటిగా చెప్పేస్తాను. ఇరవై వేల లోపు విండోస్ ల్యాప్‌టాప్ కావాలంటే చాలామందికి కొత్తదాని కంటే ఆఫీసుల నుంచి వచ్చిన పాతదే మేలు. పెద్ద కంపెనీలు మూడు నాలుగేళ్లకోసారి ఉద్యోగుల ల్యాప్‌టాప్‌లన్నీ ఒకేసారి మార్చేస్తాయి. హైదరాబాద్‌లాంటి ఊళ్లో అవి లాట్లు లాట్లుగా బయటికొస్తాయి. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో సీటీసీ, అంటే చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి వెళ్తే ఒకదాని మీద ఒకటి ఇటుకల్లా పేర్చి కనిపిస్తాయి. డెల్ లాటిట్యూడ్, లెనోవో థింక్‌ప్యాడ్, హెచ్‌పీ ఎలైట్‌బుక్ అనే పేర్లు చూడండి. కొత్తగా ఉన్నప్పుడు వీటి ధర ఇప్పుడు మనం పెట్టేదానికి నాలుగైదు రెట్లు. కీబోర్డు, బిజాగరీలు, బాడీ అన్నీ రోజంతా వాడకానికి చేసినవి.

చిన్నది కావాలంటే వీటిలోనూ ఉన్నాయి. లాటిట్యూడ్ 7290 అనేది పన్నెండున్నర అంగుళాల తెర, చాలావరకు ఎనిమిదో తరం, ర్యామ్ స్లాటులో ఉంటుంది, ఎస్‌ఎస్‌డీ మార్చుకోవచ్చు. ఎలైట్‌బుక్ 830 జీ5 పదమూడు అంగుళాలది. థింక్‌ప్యాడ్ టీ480 కాస్త పెద్దది, రెండు ర్యామ్ స్లాట్లు, రెండు బ్యాటరీలు, వెనక బ్యాటరీ చేత్తోనే ఊడదీసి మార్చుకోవచ్చు. అదే థింక్‌ప్యాడ్‌లలో ఎక్స్280 చూడ్డానికి ముద్దుగా చిన్నగా ఉంటుంది గానీ ర్యామ్ అతికించేసి ఉంటుంది, 8 జీబీది తీసుకుంటే అంతే సంగతి. అందుకే మోడల్ పేరు తెలుసుకుని వెళ్లాలి. మంచి ల్యాప్‌టాప్ చూపించండి అని అడిగితే వాళ్ల దగ్గర ఎక్కువున్నదే చూపిస్తారు, అది సహజం.

పాతది కొనేటప్పుడు అందరూ బాడీ మీద గీతలు చూస్తారు. గీతలు వదిలేయండి. బ్యాటరీ చూడండి. కమాండ్ ప్రాంప్ట్ తెరిచి పవర్‌సీఎఫ్‌జీ అని కొట్టి, ఖాళీ వదిలి, స్లాష్ పెట్టి బ్యాటరీరిపోర్ట్ అని కలిపి (powercfg /batteryreport) కొట్టి ఎంటర్ నొక్కితే ఒక ఫైలు తయారవుతుంది, అది ఎక్కడుందో కింద చూపిస్తుంది. దాంట్లో డిజైన్ కెపాసిటీ అని ఒక అంకె, దాని కింద ఫుల్ చార్జ్ కెపాసిటీ అని ఇంకో అంకె ఉంటాయి. మొదటిది 42,000 ఉండి రెండోది 27,000 ఉంటే బ్యాటరీలో మూడింట రెండొంతులే మిగిలిందని అర్థం. అది తప్పేం కాదు, ధర తగ్గించమని అడగడానికి మీకు దొరికిన ఆధారం అది. సగానికంటే తక్కువుంటే కొత్త బ్యాటరీ ఖర్చు లెక్కలో వేసుకోండి.

దీనికంటే ముఖ్యమైంది ఇంకోటి ఉంది, చాలామంది దీన్ని చూడరు. ఆఫీసు ల్యాప్‌టాప్‌ల వివరాలు కొన్ని కంపెనీలు మైక్రోసాఫ్ట్ సర్వర్లో తమ పేరు మీద నమోదు చేసుకుంటాయి, అమ్మేసినప్పుడు ఆ నమోదు తీసేయడం కొన్నిసార్లు మర్చిపోతాయి. అలాంటిదాన్ని షాపువాళ్లు నెట్ లేకుండా సెటప్ చేస్తే మామూలుగానే నడుస్తుంది. ఆరు నెలల తర్వాత మీరు రీసెట్ కొట్టి వైఫై కలపగానే ఏదో కంపెనీ పేరుతో ఉద్యోగి ఐడీ, పాస్‌వర్డ్ అడుగుతుంది. విండోస్ మళ్లీ ఎక్కించినా ఆ తెరే తిరిగొస్తుంది. కాబట్టి డబ్బిచ్చే ముందు షాపులోనే రీసెట్ చేయించి, మీ ఫోన్ హాట్‌స్పాట్ కలిపి, మొదటి నుంచి సెటప్ చేయమనండి. గంట పట్టినా సరే, కూర్చోండి. బయాస్‌కి, అంటే ఆన్ చేయగానే విండోస్ కంటే ముందు నడిచే చిన్న ప్రోగ్రాముకి, పాస్‌వర్డ్ ఉందేమో కూడా అప్పుడే చూడండి. తర్వాత తెల్ల తెర పెట్టి మచ్చలు, నోట్‌ప్యాడ్‌లో ప్రతి కీ, ప్రతి యూఎస్‌బీ పోర్టు, కెమెరా, మైకు. జీఎస్టీ బిల్లు మీద సీరియల్ నంబర్ రాయించుకోండి, వారంటీ ఎన్ని నెలలో కూడా దాని మీదే.

కొత్తవాటిలో విండోస్ లేకుండా డాస్ పేరుతో వచ్చేవి కూడా ఉంటాయి, మూడు నాలుగు వేలు తగ్గుతాయి. షాపులో "విండోస్ మేం వేసిస్తాం" అంటారు. అది క్రాక్ చేసింది అయితే దాంతోపాటు ఏమొస్తుందో ఎవరికీ తెలియదు, మీ బ్యాంకు లాగిన్ అయ్యేది దాంట్లోనే. ఆఫీసు ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి అసలైన విండోస్ లైసెన్సు బోర్డులోనే ఉంటుంది, రీసెట్ చేసి నెట్ కలిపితే దానంతటదే యాక్టివేట్ అవుతుంది. పాతదాని వైపు నేను మొగ్గడానికి ఇది కూడా ఒక కారణం.

అయితే కొత్త చిన్నదాన్ని నేను పూర్తిగా కాదనను. ఫ్యాను లేని ల్యాప్‌టాప్ చప్పుడు చేయదు, దుమ్ము పీల్చదు, బ్యాటరీ ఎక్కువసేపు వస్తుంది, బ్యాగులో ఉన్నట్టే తెలియదు. రోజూ రెండు బస్సులు మారి కాలేజీకి వెళ్లే అమ్మాయికి ఆ బరువు తేడా నిజంగా తేడానే. ఊళ్లో దగ్గర్లో రిపేర్ షాపు లేనివాళ్లకి ఏడాది వారంటీ ధైర్యమిస్తుంది.

గూగుల్ సిస్టమ్‌తో నడిచే క్రోమ్‌బుక్, జియోవాళ్ల జియోబుక్ లాంటివి వేరే జాతి, వాటిలో విండోస్ ఉండదు. 2023లో 16,499 రూపాయలకి వచ్చిన జియోబుక్ కిలో కూడా లేదు, సిమ్ వేసుకోవచ్చు, కానీ లోపలున్నది ఫోన్లలో ఉండే రకం చిప్పు, ఆండ్రాయిడ్ ఆధారంగా చేసిన సిస్టమ్. వీడియో క్లాసులు, మెయిళ్లు, గూగుల్ డాక్స్ వరకు బాగుంటుంది. ట్యాలీ నేర్చుకోవాలన్నా, డీటీపీ కోసం అను ఫాంట్లు వాడాలన్నా నడవదు. కామర్స్ చదివేవాళ్లు దీన్ని కొనే ముందు ఒకటికి రెండుసార్లు ఆలోచించుకోండి. క్రోమ్‌బుక్‌కి ఎప్పటిదాకా అప్‌డేట్లు వస్తాయో తేదీ ముందే ప్రకటిస్తారు, 2021 నుంచి వచ్చిన మోడళ్లకి పదేళ్లు, కానీ ఆ పదేళ్లు మీరు కొన్న రోజు నుంచి కాదు, ఆ మోడల్ హార్డ్‌వేర్ వచ్చినప్పట్నుంచి. పాత క్రోమ్‌బుక్ చవగ్గా దొరికిందంటే ముందు ఆ తేదీ చూడండి.

తెచ్చాక మొదటి వారం

కొత్తదైనా పాతదైనా తెచ్చిన రోజే ట్రయల్ యాంటీవైరస్‌ని తీసేయండి, విండోస్‌లో ఉన్న డిఫెండర్ చాలు. టాస్క్ మేనేజర్‌లో స్టార్టప్ యాప్స్ తెరిచి అక్కర్లేనివన్నీ ఆపేయండి, చిన్న యంత్రంలో దీనికి మించిన ఉపాయం లేదు. బ్రౌజర్‌లో మెమరీ సేవర్ ఆన్ చేసుకోండి, వాడని ట్యాబులు పరుపు మీద నుంచి వాటంతటవే తప్పుకుంటాయి. ఎస్ మోడ్‌లో వచ్చిన ల్యాప్‌టాప్ అయితే మైక్రోసాఫ్ట్ స్టోర్ బయట నుంచి ఏదీ ఎక్కనివ్వదు, దాన్ని ఉచితంగానే మామూలు విండోస్‌గా మార్చుకోవచ్చు, ఒకసారి మారిస్తే వెనక్కి రాదు, రావాల్సిన పనీ లేదు.

మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయితే ఇప్పుడు చాలా ల్యాప్‌టాప్‌లలో డిస్కుకి దానంతటదే తాళం పడుతోంది. బయాస్ అప్‌డేట్ అయినప్పుడో, బోర్డు రిపేర్ చేయించినప్పుడో 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. ఆ కీ మీ అకౌంట్‌లోనే ఉంటుంది, ముందే తెరిచి ఒక కాగితం మీద రాసి సర్టిఫికెట్ల ఫైలులో పెట్టుకోండి. షాపులో ఎవరిదో జీమెయిల్‌తో సెటప్ చేయించుకుంటే మాత్రం ఆ కీ ఆ మనిషి దగ్గరే ఉంటుంది. అలా చేయనివ్వకండి.

తెలుగు టైపింగ్‌కి ఏ సాఫ్ట్‌వేరూ కొనక్కర్లేదు. విండోస్ సెట్టింగ్స్‌లో తెలుగు భాష కలిపితే ఇన్‌స్క్రిప్ట్‌తో పాటు ఇంగ్లిష్ అక్షరాలతో కొట్టే ఫొనెటిక్ కీబోర్డు కూడా ఉంటుంది, విండోస్ కీ, స్పేస్ కలిపి నొక్కితే భాష మారుతుంది. మండలి, రామభద్ర లాంటి ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితం.

బ్యాటరీ గురించి ఒక్క మాట. రోజంతా చార్జర్‌కి తగిలించే ఉంచేవాళ్లు సెట్టింగ్స్‌లోనో కంపెనీ యాప్‌లోనో 80 శాతం దగ్గర ఆగేలా పెట్టుకోండి, మన ఎండాకాలంలో నిండు చార్జింగ్ మీద వేడెక్కడమే బ్యాటరీని ఎక్కువగా చంపుతుంది. పరుపు మీద, దిండు మీద పెట్టి వాడొద్దని చెప్తే పిల్లలు వినరు, ఒక రైటింగ్ ప్యాడ్ కొనిచ్చి దాని మీద పెట్టుకోమంటే వింటారు.

మా మేనకోడలికి చివరికి పాత లాటిట్యూడ్ 7290 తీసుకున్నాం, 8 జీబీతో తెచ్చి, రెండో సంవత్సరంలో 16 చేయించాం. ట్యాలీ, ఎక్సెల్, పక్కన యూట్యూబ్ పాఠం ఒకేసారి తెరుచుకుని కూర్చుంటోంది. ఆ 64 జీబీదాన్ని ఎవరూ కొంటామనలేదు, ఎక్స్‌చేంజ్‌లో అడిగిన ధర వింటే ఇవ్వబుద్ధి కాలేదు. పెన్‌డ్రైవ్‌లో లైనక్స్ మింట్ ఎక్స్‌ఎఫ్‌సీఈ వేసి, ఎక్కించకుండానే ముందు వైఫై, సౌండు పనిచేస్తున్నాయో లేదో చూసుకుని, ఆ తర్వాత విండోస్ తీసేసి అది ఎక్కించాను. స్టోరేజీలో సగం పైన ఖాళీ మిగిలింది. ఇప్పుడు అది మా అక్క దగ్గరుంది. వాళ్ల పొదుపు సంఘంలో పన్నెండు మంది, ప్రతి నెలా ఎవరు ఎంత కట్టారు, ఎవరి అప్పు ఎంత తీరింది అన్నీ ఉచితంగా దొరికే లిబ్రే ఆఫీస్‌లో తెలుగులోనే రాసుకుంటోంది. మొన్న ఫోన్ చేసి, "తమ్ముడూ, వడ్డీ కాలమ్ దానంతటదే కూడేలా ఎలా పెట్టాలో మళ్లోసారి చెప్పు, కిందటిసారి రాసిన కాగితం పోయింది" అని అడిగింది.